నీడ ఉన్న స్తంభం

ఆఫీసులో ఆయన్ని అందరూ గొట్టాల గురువుగారు అంటారు. వెక్కిరింపుగా మొదలైన పేరే, పదిహేనేళ్ళు గడిచేసరికి బిరుదై కూర్చుంది. ఏ వీధిలో బళ్ళు ఎంత వేగంతో పోతున్నాయో తేల్చాలంటే ఆయనే వెళ్ళాలి. రోడ్డుకు అడ్డంగా, మీటరు ఎడంతో, బొటనవేలంత లావున్న నల్ల రబ్బరు గొట్టాలు రెండు పరుస్తాడు. అంచుల్లో మేకులు కొడతాడు. గొట్టాల కొసలు ఇనప పెట్టెకు తగిలించి, ఆ పెట్టెను దగ్గర్లో ఉన్న స్తంభానికి గొలుసుతో కట్టి తాళం వేస్తాడు. చక్రం మొదటి గొట్టాన్ని తొక్కి రెండోదాన్ని తొక్కడానికి ఎంతసేపు పట్టిందో పెట్టె రాసుకుంటుంది. ఏడు రోజుల తర్వాత అన్నీ విప్పుకొచ్చి, లెక్క తీసి ఇంజినీరుగారి బల్లమీద పెడతాడు. ఆ వీధి తలరాత ఆ అంకెలోనే ఉంటుంది.

ఈ పనికి ఒక నియమముంది. పెద్ద చదువు చదవక్కర్లేదు అర్థం కావడానికి. గొట్టాలు వీధి నడిమధ్యలో వెయ్యాలి, మలుపు దగ్గర వెయ్యకూడదు. మలుపు దగ్గర ఎంతటి మొండివాడైనా బ్రేకు తొక్కుతాడు కదా మరి! అందుకే నివేదికలో "మలుపు నుంచి దూరం" అని ఒక గడి పెట్టారు. గురువుగారు ఆ గడిలో "వంద మీటర్లు" అని రాస్తాడు. ఎప్పుడూ అదే రాస్తాడు. ఒక్కోసారి వీధికి వెళ్ళకముందే, ఆఫీసులో టీ తాగుతూ రాసేస్తాడు. అదో నేరమని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

టైలరమ్మ వీధికి వెళ్ళిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. వీధి తాడు గుంజి కట్టినట్టు తిన్నగా ఉంటుంది, ఒక కొసన మాత్రం మలుపు. నడిమధ్యన ఉన్న స్తంభం చుట్టూ నీడ అన్నమాటే లేదు. ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. మలుపు దగ్గర స్తంభం మీదికి మాత్రం ఎవరి పెరట్లోదో ఒక పెద్ద చెట్టు వంగి ఉంది. కింద చల్లగా, ఒక మనిషి హాయిగా కూర్చుని సుత్తి పని చేసుకునేంత నీడ. గురువుగారి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. వంగితే లేవడానికి దేవుడు దిగిరావాలి. ఆయన అటూ ఇటూ చూసి, గొట్టాలు చంకన పెట్టుకుని చెట్టు కిందికి నడిచాడు.

టైలరమ్మ అంటే ఆ వీధి మధ్యలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చునే డెబ్భై ఏళ్ళ మనిషి. గంటకు యాభై కిలోమీటర్లు ఉన్న పరిమితిని ముప్పైకి తగ్గించమని నలభై మూడిళ్ళు తిరిగి సంతకాలు పట్టుకొచ్చింది ఆవిడే. గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని అంతదూరం నడిచొచ్చింది.

"ఇక్కడ వేస్తున్నారేంటి బాబూ? ఇక్కడ అందరూ నెమ్మదిస్తారు. మా ఇంటి ముందు చూడాలి, రయ్యిమని పోతారు!"

గురువుగారు నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు. "మిషను ఎక్కడ పెట్టినా మిషనే అమ్మా. దాని లెక్కలు దానికుంటాయి. ఇవన్నీ మీకు తెలీవులెండి."

"అవునులే, నాకేం తెలుసు!" అంది ఆవిడ. ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత పెట్టె ఇరవై తొమ్మిది అని చెప్పింది. గురువుగారు గడిలో వంద మీటర్లు అని రాసి, సంతకం గిలికేశాడు. వాహనాలు ఇప్పటికే ముప్పై లోపు వేగంతో వెళ్తున్నందున పరిమితి తగ్గించే అవసరం కనిపించడం లేదని ఆఫీసు నుంచి ఉత్తరం వెళ్ళింది. ఆ ఫైలు అటకెక్కింది.

పది రోజులకు టైలరమ్మ ఆఫీసుకే వచ్చింది, చేతిలో ఆ ఉత్తరంతో. ఆవిడ పోట్లాటకు వచ్చిందనుకున్నాడు గురువుగారు. పోట్లాటైతే ఎంత బాగుండేది! అరిచే మనుషుల్ని నియమాలు ఏకరువు పెట్టి పంపించేయడం ఆయనకు చేతనైన విద్యే.

"మీకు అనవసరంగా శ్రమ ఇచ్చాను బాబూ. అంత ఎండలో, ఆ మోకాళ్ళతో... ఏమీ అనుకోకండి" అంది ఆవిడ.

"అబ్బే, పర్లేదమ్మా" అన్నాడు గురువుగారు.

"మా వీధిలో అందరూ నవ్వుతున్నారులెండి. సంతకాలు పెట్టినవాళ్ళే! కళ్ళజోడు మార్పించుకో పిన్నీ అంటున్నారు. మార్పిస్తాను. మిషను అబద్ధం చెప్పదు కదా. నాకే భయమెక్కువైంది." ఆవిడ చేతిసంచిలోంచి ఖాకీ గుడ్డతో కుట్టిన మరో సంచి తీసి బల్లమీద పెట్టింది. "మీ సంచి అడుగు చిరిగిపోయి మేకులు రాలిపోతుంటే చూశాను. మిగిలిన గుడ్డ ఉంటే కుట్టాను. ఇదిగో, ఈ జేబు సుత్తికి, ఇది మేకులకి, ఇది మీ పెన్నుకి."

పక్క బల్లల వాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. "గురువుగారికి సన్మానం!" అన్నాడు ఒకడు. గురువుగారు ఆ సంచిని ముట్టుకోలేక, ముట్టుకోకుండా ఉండలేక, వేలితో కుట్టు తడిమాడు. ఎంత దగ్గర దగ్గరగా ఉందో కుట్టు!

"ఒక మంచి కూడా జరిగిందిలెండి" అంది టైలరమ్మ లేస్తూ. "మా ఆయన పోస్టుమాస్టరుగా చేశారు. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట కూడా తడబడుతుంది. మా ఎదురుగా గడియారాలు బాగుచేసే కొట్టుంది, ఆ కొట్టాయనా ఈయనా చిన్నప్పటి స్నేహితులు. అక్కడికెళ్ళి కూర్చోవాలని ఈయనకు ప్రాణం కొట్టుకుపోతుంది. బళ్ళకు భయపడి నేనే గేటుకు గొళ్ళెం పెట్టి ఉంచేదాన్ని. మీ కాగితం వచ్చాక గొళ్ళెం తీసేశాను. ఇప్పుడు రోజూ కర్ర పట్టుకుని ఒక్కరే దాటుతున్నారు. ఎంత సంబరమో చూడాలి బాబూ, చిన్నపిల్లాడే!"

గురువుగారికి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడే చెప్పాలి, ఇక్కడే చెప్పాలి అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. పక్క బల్లవాడు ఇటే చూస్తున్నాడు. "జాగ్రత్తగా వెళ్ళిరండి" అని మాత్రం వచ్చింది నోట్లోంచి. ఛీ, అదేం మాట!

ఆ సాయంత్రం ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, బట్టలు మడతపెట్టడం ఆపి భార్య నిలదీసింది. నీళ్ళు నమిలి నమిలి మొత్తానికి కక్కాడు.

"మోకాళ్ళు నొప్పైతే మోకాళ్ళు నొప్పని రాయాలి. వంద మీటర్లని రాస్తారా ఎక్కడైనా?" అంది ఆవిడ.

"అందరూ రాసేదేలే."

"అందరూ ఎవరండీ? ఆ ఆఫీసులో గొట్టాలు వేసేది మీరొక్కరే కదా!"

ఆయన ఒక తువ్వాలు అందుకుని మడత పెట్టసాగాడు.

"పొద్దున్నే వెళ్ళి చెప్పండి. ఆ పెద్దాయనకు ఏమన్నా అయితే మీ మొహం నేను చూడలేను" అంది.

పొద్దున్న వెళ్ళాడు. వెళ్ళలేదనడానికి లేదు. మలుపు దాకా, ఆ దిక్కుమాలిన చెట్టు దాకా వెళ్ళాడు. అక్కణ్ణుంచి చూస్తే దూరంగా టైలరమ్మ గేటు తెరుచుకుంది. తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన కర్ర ఆనించి రోడ్డు మీదికి దిగాడు. ఒక్కో అడుగూ కొలిచి వేస్తున్నాడు. అవతల గడియారాలాయన కొట్టు మెట్టు మీద నిలబడి రా రమ్మని చేతులూపుతున్నాడు. ఒక్క బండీ రాలేదు. పెద్దాయన దాటేశాడు. ఇద్దరూ ఏదో గెలిచినట్టు నవ్వుకున్నారు.

చూశావా, ఏమీ కాలేదు, అనుకున్నాడు గురువుగారు. ముందు ఇంజినీరుగారికి చెప్పి, మళ్ళీ సర్వేకి అనుమతి తీసుకుని, అప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్తే పద్ధతిగా ఉంటుంది కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. వెనక్కి తిరిగాడు. ఆఫీసుకు వెళ్తే ఇంజినీరుగారు సెలవు. నిజం చెప్పాలంటే, లేరని తెలియగానే హమ్మయ్య అనుకున్నాడు. ఇంటికొచ్చి భార్యతో చెప్పేశానని అబద్ధమాడాడు.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మళ్ళీ బయల్దేరాడు. ఈసారి మలుపు దగ్గర ఆగలేదు. గేటుకు గొళ్ళెం లేదు, గుమ్మం దాకా వెళ్ళేసరికి లోపల్నుంచి టైలరమ్మ కేకలు వినిపించాయి.

పోస్టుమాస్టరుగారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమ మణికట్టుకు కొత్త కట్టు, నుదుటి మీద గీరుకుపోయిన ఎర్రటి చార. పనిచేసే చెయ్యి ఆ ఒక్కటే, అది కూడా ఇప్పుడు మెడకు వేలాడుతోంది.

"మంచి సమయానికి వచ్చారు బాబూ, మీరే చెప్పండి ఈయనకి!" అంది టైలరమ్మ. "నిన్న రోడ్డు మీద పడ్డారు. కారు మీదికి దూసుకొచ్చిందట, ఈయన వెనక్కి గెంతారట. సరిగ్గా నడవలేని మనిషి గెంతడమేంటి! కాలు తడబడి పడి ఉంటారు, నెపం కారు మీద. గడియారాలాయన కూడా కారు స్పీడుగా వచ్చిందనే అంటాడు. స్నేహితుడు కదా, ఇంకేమంటాడు? కాగితం తీసి చూపించాను ఇద్దరికీ. వినరే!"

కాగితం కుట్టుమిషను మీదే ఉంది, ఎగిరిపోకుండా దారపుండ బరువు పెట్టి.

"స్పీడే" అన్నాడు పోస్టుమాస్టరుగారు. నాలుక మడతపడుతున్నా మాట తెలుస్తూనే ఉంది. "చాలా... స్పీడు." గురువుగారి వైపు చూశాడు. ఆ ఇంట్లో తన మాట నమ్మడానికి ఇంక ఈ కొత్తమనిషే మిగిలాడన్నట్టు చూశాడు.

గురువుగారు నిలువునా చచ్చిపోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాగితం తప్పమ్మా" అన్నాడు.

"ఏంటీ?"

"పెద్దాయన చెప్పిందే నిజం. నేను గొట్టాలు మీ ఇంటి ముందు వెయ్యాల్సింది. మలుపు దగ్గర వేశాను. అక్కడ అందరూ నెమ్మదిస్తారని మీరు చెప్పారు, నాకూ తెలుసు. వంద మీటర్ల దూరమని రాశాను. పన్నెండు కూడా లేవు."

"ఎందుకు?" అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

ఎవరో పైవాళ్ళ ఒత్తిడి అని చెప్పుకోవడానికి ఉంటే బాగుండును. "ఎండగా ఉందమ్మా. అక్కడ నీడ ఉంది" అన్నాడు.

టైలరమ్మ కుర్చీ దగ్గరికి వెళ్ళి, మొగుడి నుదుటి మీద చార పక్కన చెయ్యి వేసింది. "రాత్రంతా తిట్టాను మిమ్మల్ని" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఇటు తిరిగింది.

"ఎండని ఒక్క మాట చెప్పాల్సింది కదా నాయనా! గొడుగు పట్టుకుని నిలబడేదాన్ని."

మొన్న వచ్చి వెనక్కి పోయానన్న మాట మాత్రం గురువుగారి గొంతు దాటలేదు.

మర్నాడు జరిగిందంతా రాసిన కాగితం ఇంజినీరుగారి ముందు పెట్టాడు. ఆయన చదివి కళ్ళజోడు తీశాడు. "ఈ ఒక్క వీధేనా?" అని అడిగాడు. కాదండి అన్నాడు గురువుగారు. కూర్చుని, గుర్తున్నంతవరకు నీడలో వేసిన వీధుల పేర్లన్నీ రాశాడు. రెండో కాగితం అడగాల్సి వచ్చింది. సంజాయిషీ నోటీసు వస్తుందన్నారు. రానివ్వండి అన్నాడు. ముందు టైలరమ్మ వీధి మళ్ళీ కొలవడానికి అనుమతి తీసుకున్నాడు.

వీధి మధ్యలో ఆ బోడి స్తంభం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఖాకీ సంచిలోంచి సుత్తి తీశాడు. రెండు మేకులు కొట్టాడో లేదో నెత్తిన నీడ పడింది. తలెత్తకుండానే ఎవరో తెలిసింది.

"వద్దమ్మా, లోపలికెళ్ళండి."

"నీ పని నువ్వు చూసుకో నాయనా."

మొదటి కారు రయ్యిమని గొట్టాల మీంచి పోయింది. పెట్టె అద్దంలో అంకె వెలిగింది, యాభై ఎనిమిది. గురువుగారు ఆ అంకెను బయటికి చదివాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న పోస్టుమాస్టరుగారు విని, గడియారాల కొట్టు వైపు చూసి తలాడించాడు. టైలరమ్మ నవ్వింది. గొడుగును ఇంకాస్త ఇటు వంచింది, ఆవిడ సగం ఎండలోనే ఉంది.

ఆ నవ్వు గురువుగారు భరించలేకపోయాడు.

"అమ్మా, ఆయన పడడానికి ముందురోజే నేను వచ్చాను. చెబుదామనే వచ్చాను. ఆ చెట్టు దగ్గర నిలబడి ఆయన రోడ్డు దాటడం చూశాను. చెప్పకుండా వెళ్ళిపోయాను."

ఆవిడ మలుపు వైపు చూసింది. గుమ్మంలో కూర్చున్న మొగుణ్ణి చూసింది. ఎండలో మోకాళ్ళు నొప్పెట్టిన మనిషికి గొడుగు పట్టొచ్చు. దీనికేం పట్టాలి?

గొడుగు మూసింది. నెమ్మదిగా నడిచి గేటులోపలికి వెళ్ళింది.

మిగతా మేకులు గురువుగారు ఎండలోనే కొట్టాడు. పెట్టెకు తాళం వేసి, స్తంభం పట్టుకుని లేచి, టేపు తీసి మలుపు దాకా కొలుచుకుంటూ వెళ్ళాడు. నూట నలభై మూడు మీటర్లు వచ్చింది. ఆ గడిలో కొలిచిన అంకె రాయడం ఆయనకు అదే మొదటిసారి.