అర గ్రెయిను, ముప్పై మిల్లీగ్రాములు

ఏసుపాదానికి చిన్నప్పట్నుంచీ ఫిట్స్ ఉన్నాయి. పటమట డాక్టరు గారిచ్చిన మాత్ర రోజూ పొద్దున్నే వేసుకుంటుంటే కొన్నేళ్ళుగా రాలేదు. కంకిపాడు నుంచి బస్సెక్కి ఆ మాత్రలు తెచ్చేది భార్య అమలమ్మే. పొట్లం మీద ‘అర గ్రెయిను’ అని రాసి ఉండేది. బైబిలు చదువుకునేంత చదువు ఆవిడకి వచ్చు.

ఆ ఏడు నాట్లకి ముందు వెళితే పాత కాంపౌండరు లేడు. కొత్తాయన వెంకటకృష్ణారావు గారు ఇచ్చిన పొట్లం మీద ‘30 మి.గ్రా.’ అని ఉంది. మాత్ర కూడా పాతదానికంటే లావుగా ఉంది.

“ఏవండీ, మాకు ఇచ్చేది అర కదండీ? ఇది ముప్పై అని ఉందే?”

“రెండూ ఒకటేనమ్మా. గ్రెయిన్లు పోయి గ్రాములొచ్చాయి,” అంటూ ఆయన వెనకవాళ్ళ చీటీ అందుకున్నాడు.

బస్సులో అమలమ్మకి అదే ఆలోచన. అరెక్కడ, ముప్పయ్యెక్కడ? వీశెలు పోయి కిలోలొచ్చినప్పుడూ కొట్లో ఇలాగే ఒకటేనన్నారు. చింతపండు మాత్రం తగ్గింది. ఇక్కడేమో పెరిగింది. మందు ఎక్కువైతే మనిషి నిద్రలోనే పోతాడని ఎవరో అనగా విన్నది. ఇంటికొచ్చి బ్లేడుతో మాత్రని నాలుగు ముక్కలు చేసి, మొగుడికి ఒక ముక్క ఇచ్చింది. రోజూ అంతే. అదైనా ఎక్కువేమోనని భయంగానే ఉండేది.

వారం తిరక్కుండానే ఏసుపాదం నారు తీస్తూ మడిలో బోర్లా పడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. పక్కనున్న గంగరాజు జుట్టు పట్టి లాగకపోతే ఆ బురదలోనే ఊపిరి పోయేది.

పటమటలో డాక్టరు గారు సూది వేసి, మంచం మీద పడుకోబెట్టి, “మాత్ర మానేశాడా?” అని అడిగారు.

“లేదండీ. నేనే ముక్క వేశాను. ముప్పై అంటే భయమేసి...”

ఆయన కాంపౌండర్ని పిలిచి, “ఈవిడకి అర్థమయ్యేలా చెప్పు,” అన్నారు.

అమలమ్మ కొంగు ముడి విప్పి, మిగిలిన పాత మాత్ర ఒకటి తీసింది. వెంకటకృష్ణారావు మందుల త్రాసు తెచ్చి ఒక పళ్ళెంలో అదీ, రెండో పళ్ళెంలో కొత్తదీ వేశాడు. కొత్త మాత్ర వైపు త్రాసు దిగిపోయింది.

“చూశారా!” అంది అమలమ్మ. ఏడుపు ఆగలేదు. “ఇది బరువుంది కదండీ! ఒకటేనన్నారు!”

ఆయన తడబడ్డాడు. “ఆగమ్మా. మాత్రంతా మందు కాదు. మందు ఓ చిటికెడు కూడా ఉండదు, మిగతాదంతా పిండి. కొత్తదాంట్లో పిండి ఎక్కువ కలిపారు.”

“రోగానికి పిండెందుకండీ?”

“అంత కొంచెం మందు వేళ్ళకి దొరకదు కదమ్మా. గ్రెయినంటే ఓ గింజెత్తు. నీ మొగుడికి కావలసింది అందులో సగం. మిల్లీగ్రామంటే ఆ గింజలో నలుసు. అలాంటి నలుసులు ముప్పై పోగేస్తే ఆ అర గింజే.”

“మరి నేను కోసిన ముక్కలో?”

“ఏడో ఎనిమిదో నలుసులు. చాలలేదు.”

అమలమ్మ త్రాసు వంక చూసింది. పెద్దదాంట్లో ఎక్కువుండాలి, లేదంటున్నాడు. ముప్పై ఎక్కువ కావాలి, కాదంటున్నాడు. భయపడి తగ్గిస్తే మనిషి పోబోయాడు. ఇందులో ఏది ఎందుకో ఆవిడకి పట్టుబడలేదు.

“మొత్తం మాత్ర వెయ్యమంటారు. అంతేగదండీ?”

“అంతేనమ్మా. కొయ్యొద్దు.”

ఏసుపాదం సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. నాలిక కొరుక్కోవడంతో మాట ముద్దగా వచ్చింది. “ఏమన్నారే?”

“మాత్ర బరువు వేరంట, మందు బరువు వేరంట,” అంది అమలమ్మ.

“అంటే?”

“నాకూ తెలీదయ్యా. నోరు తెరువు.”

మాత్ర మొత్తం నోట్లో వేసి నీళ్ళు తాగించింది. తర్వాత చాలాసేపు ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఏమీ కాలేదు.