చొక్కా చేతి మీద ఒకే గీత

ఆ ఇస్త్రీ కొట్టుకు 'ఈరోజు సెలవు' అనే బోర్డు ఎప్పుడూ లేదు. కొట్టు నడిపే ఆమెకు ఒంట్లో బాగాలేకపోతే భర్త చేసేవాడు. ఆయనకు నడుము పట్టేస్తే ఆమె చేసేది. ఇద్దరికీ ఊపిరాడని రోజున బడి నుంచి వచ్చిన కూతురు పుస్తకాల సంచి ఓ మూల పడేసి బల్ల ముందు నిలబడేది. మూటతో గుమ్మం ఎక్కిన మనిషికి లేదని చెప్పడం వాళ్ళ ఇంటా వంటా లేదు.

కూతుర్ని తండ్రి 'మేస్త్రీ' అని పిలిచేవాడు. పీటెక్కితే గానీ బల్ల అందని వయసులోనే ఆ పిల్ల తండ్రి మడిచిన చొక్కా తిప్పి చూసి, కాలరు కుదరలేదని వెనక్కి ఇచ్చేసేది. అలాంటి పిల్ల డిగ్రీ చేతికి రాగానే నేవీలో చేరతానంది. చేరింది కూడా. ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన ఆ కబురు విని, "సముద్రం నిండా ముడతలేగా, మన మేస్త్రీ వెళ్ళి ఇస్త్రీ చేసి వస్తుందిలే" అన్నాడు. వీధంతా నవ్వింది. తల్లి మాత్రం నవ్వలేదు. నవ్వితే ఏడుపు కూడా వెంటే వచ్చేస్తుందేమోనని ఆమె భయం.

శిక్షణ ఎక్కడో దూరాన. ఆదివారం సాయంత్రం మాత్రం కాసేపు ఫోను చేసుకోనిస్తారు. ఆ వేళకు తల్లి పని ఆపి, ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, గంజినీళ్ళ సీసా పక్కన ఫోను పెట్టుకుని కూర్చునేది. తండ్రి బల్లకు ఆ చివర దుప్పట్లు మడుస్తున్నట్టు నటించేవాడు. మడిచిందే మళ్ళీ విప్పి మడవడం ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది.

మొదట్లో కూతురి గొంతు అరిచి అరిచి బొంగురుపోయి ఉండేది. కాళ్ళు బొబ్బలెక్కాయనేది. తిండి నిలబడే తినేసి పరిగెత్తాలనేది. తల్లి ఊఁ కొట్టేది. వచ్చెయ్యమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చినా పళ్ళ బిగువున ఆపుకునేది.

ఒక ఆదివారం గొంతులో హుషారు వినిపించింది. బట్టల తనిఖీలో ఇన్‌స్ట్రక్టరు ఈ పిల్ల చొక్కా ఎత్తి పట్టుకుని, చొక్కా అంటే ఇలా ఉండాలని అందరికీ చూపించిందట. ఆ రోజు నుంచి బ్యారక్‌లో పిల్లలందరూ తమ చొక్కాలు తెచ్చి మేస్త్రీ మంచం మీద పెడుతున్నారట. తల్లికి ఆ క్షణాన నేల మీద కాళ్ళు ఆనలేదు. బడులు తెరిచే రోజుల్లో కొట్టులో తాము పాటించే ఉపాయం ఉన్నపళంగా చెప్పేసింది. ఒక్కో చొక్కా మొదలుపెట్టి పూర్తిచేయకూడదు. ముందు అన్నిటికీ కాలర్లు చేసెయ్యాలి, తర్వాత అన్నిటికీ చేతులు, చివరికి ఒళ్ళు. చెయ్యి ఒకే దారిన పడుతుంది, సమయం కలిసొస్తుంది. ఫోను పెట్టేశాక వీధి దాటి వెళ్ళి మరీ ఆ సంగతి తాళాలాయనకు వినిపించి వచ్చింది.

పై ఆదివారం కూతురి గొంతులో ప్రాణం లేదు. తల్లి చెప్పిన ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది. ఎంత బ్రహ్మాండంగా అంటే, పని ఇట్టే అయిపోతోందని తెలిసి పక్క బ్యారక్ వాళ్ళు కూడా మూటలు తెచ్చారు. విశ్రాంతి వేళంతా ఇస్త్రీకే పోయింది. అందరూ నడుం వాల్చే వేళ ఈ పిల్ల బల్ల దగ్గర నిలబడింది. పరుగు పరీక్షలో కాళ్ళు మొరాయించాయి. తప్పింది.

"ఇంకోసారి తప్పితే వెనక బ్యాచ్‌లో వేస్తారటమ్మా" అంది. "మా వాళ్ళంతా పరేడ్ చేసి వెళ్ళిపోతారు. నేను మళ్ళీ మొదట్నించి. అప్పుడు నాకు ఓపికుంటుందో ఉండదో."

అంతలోనే ఇచ్చిన సమయం అయిపోయి ఫోను తెగిపోయింది.

తల్లికి ఒళ్ళు మండింది. తోటి పిల్ల కాళ్ళీడుస్తుంటే కళ్ళెదుట కనబడటం లేదా, చేతులు పడిపోయాయా ఆ మహారాణులకు, అని వినేవాళ్ళున్నా లేకపోయినా దులిపేసింది. ఆయన అంతా విన్నాడు. దుప్పటి మూలలు కలుపుతూ, "వాళ్ళు ఇచ్చారు సరే. పుచ్చుకున్నది మన పిల్లేగా" అన్నాడు.

"కాదనలేకపోయింది పాపం."

"అవును. కాదనడం ఎక్కడ చూసి నేర్చుకుంటుంది?"

ఎత్తిపొడుపుగా అనలేదు. తనను కూడా కలుపుకునే అన్నాడు. అయినా ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది గానీ, అది కూతురితో ఫోనులో అనగలిగేది కాదు. పైగా తాను చేసిందేమిటి? మునిగిపోతున్న పిల్ల నెత్తిన ఇంకో మూట పెట్టి, దీన్ని తేలిగ్గా మోసే పద్ధతి ఇదీ అని నేర్పింది. ఆ వారమంతా ఆమె పెట్టె పట్టుకున్నప్పుడల్లా కాలర్లు కనబడేవి, వాటి వెనక కూతురి ముఖం కనబడేది.

వారం మధ్యలో, షట్టరు సగం దించాక, పళ్ళ డాక్టరు చొక్కాలు పట్టుకుని లోపలికి వంగి చూశాడు. ఆయనకది అలవాటు. "ఉన్నవి రెండేనమ్మా, పొద్దున్నే కావాలి" అంటాడు. రెండని తెచ్చినవి విప్పితే నాలుగుంటాయి. ఆమె ఎప్పట్లాగే 'ఇవ్వండి' అనబోయి, ఆగింది.

"ఈరోజు కాదు డాక్టరుగారూ. పెట్టి వెళ్ళండి, రేపు మధ్యాహ్నానికి ఇస్తాను."

చెవులు వేడెక్కాయి. లోపల భర్త ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది. డాక్టరు ఏదో ఆలోచించుకుని, "సరే, రేపు మధ్యాహ్నమే తీసుకుంటా" అని మూట బల్ల మీద పెట్టి, అమ్మాయి ఎలా ఉందని అడిగి, తన దారిన తాను వెళ్ళిపోయాడు.

ఆమె ఇంకా ఏదో జరగాల్సి ఉన్నట్టు గుమ్మంలోనే నిలబడింది. ఏమీ జరగలేదు. వీధి వీధిలాగే ఉంది.

"పన్ను పీకించుకున్నట్టుంది నీ మొహం" అన్నాడు ఆయన వెనక నుంచి.

"పీకిందాకే భయమండీ" అంది ఆమె, షట్టరు పూర్తిగా దించుతూ.

ఆదివారం ఫోను రాగానే ముందుగా ఆ కథే చెప్పింది. కూతురు చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వాక నిట్టూర్చింది. ఇక్కడ అలా కుదరదమ్మా, అంది. ఒకరి చొక్కా బాగాలేకపోయినా శిక్ష మొత్తం బ్యారక్‌కు పడుతుంది. చేయనని చెప్పేస్తే తనతో సహా అందరూ మైదానం చుట్టూ పరిగెత్తాలి. ఎలా చూసినా పోయేది తన కాళ్ళే.

తల్లి గొప్పగా సంపాదించుకొచ్చిన 'కాదు' అక్కడ చెల్లని నాణెమని తేలిపోయింది. క్షణాలు కరిగిపోతున్నాయి. బల్ల కింద, గోడవారగా, పాత పీట కనిపించింది. మేస్త్రీ చిన్నప్పుడు ఎక్కిన పీట.

"నీకు ఇస్త్రీ ఎలా వచ్చిందే?" అని అడిగింది.

"ఇప్పుడు అదెందుకమ్మా? నువ్వే నేర్పావుగా."

"ఎలా నేర్పాను?"

"రుమాళ్ళు ఇచ్చి, పెట్టె నా చేతిలో పెట్టావు. పక్కన నిలబడ్డావు. ఎంత ఏడ్చినా పెట్టె మాత్రం తీసుకోలేదు."

"మరి?"



"పెట్టె వాళ్ళ చేతికే ఇమ్మంటావా? చొక్కాలు కాల్చేస్తారమ్మా."

"కాల్చనీ. నువ్వు కాల్చలేదూ? బ్యాంకాయన చొక్కా వీపున పెట్టె ఆకారం అచ్చుగుద్దినట్టు దిగింది. ఆయన బతికే ఉన్నాడు, ఇప్పటికీ మనకే ఇస్తున్నాడు."

"ఇక్కడ ఒక బొద్దుపిల్ల ఉంది. గుండీల మీద నుంచే పోనిస్తుంది పెట్టెను."

"ఆ పిల్లతోనే మొదలుపెట్టు. పక్కన నిలబడు, నోటితో చెప్పు. పెట్టె మాత్రం పుచ్చుకోకు. చెయ్యి ఊరుకోనంటే వెనక్కి కట్టుకో."

ఫోను తెగింది. ఆయన ఆ చివర నుంచి ఆమెను చూసి, దుప్పటి విప్పి మళ్ళీ మడిచాడు.

తర్వాతి ఆదివారం ఫోను ఆలస్యమైంది. ఊరికే కూర్చోలేక ఆమె ఇంట్లోని దిండుగలీబు ఒకటి బల్ల మీద పరిచి ఇస్త్రీ మొదలుపెట్టింది. మోగగానే రెండు చేతులతో ఫోను అందుకుంది.

"పరుగు పాసయ్యానమ్మా. అందరితో పాటే పరేడ్. మీరిద్దరూ రావాలి."

ఆమె నోరు తెరిచేలోపే కమురు వాసన వచ్చింది. పెట్టె నిలబెట్టడం మరిచిపోయింది. ఆయన పరుగున వచ్చి పెట్టె ఎత్తి, గలీబు మీద గోధుమరంగు మచ్చ చూసి, ఫోనుకేసి వంగి గట్టిగా చెప్పాడు: "మేస్త్రీ, మీ అమ్మకు మళ్ళీ రుమాళ్ళ నుంచి నేర్పాలి."

ప్రయాణం ముందురోజు ఆయన చొక్కాల మడతలో పెట్టే అట్ట ఒకటి తీసుకుని, 'నాలుగు రోజులు కొట్టు లేదు' అని రాసి షట్టరుకు వేలాడదీశాడు. తాళాలాయన రోడ్డు దాటి వచ్చి అక్షరం అక్షరం చదివాడు.

"ఈ మాట మీకు రాయడం కూడా వచ్చా?" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "అక్కడందరికీ ఒకే బట్ట, ఒకే టోపీ అట. అంతమందిలో అమ్మాయిని ఎలా పోల్చుకుంటావమ్మా?" అని అడిగాడు.

"చొక్కా చెయ్యి చూసి" అంది ఆమె తడుముకోకుండా.

ఆమె ధీమా ఊరికే వచ్చింది కాదు. ఎవరు ఇస్త్రీ చేసినా చొక్కా చేతి మీద ఎక్కడో ఒకచోట రెండు గీతలు పడతాయి, పాత మడత ఒకటి, కొత్త మడత ఒకటి. వాళ్ళ కొట్టులో పడదు. తడిగుడ్డ అంచుతో దారి వేసి, దాని మీదే పెట్టె నడిపిస్తారు. భుజం కుట్టు నుంచి మణికట్టు దాకా దారం లాగినట్టు ఒకే గీత. పొద్దుటి ఎండ పడిందంటే అది దూరానికి కూడా తెలుస్తుంది.

మైదానంలో మెట్ల మీద తల్లిదండ్రులంతా కిక్కిరిసి కూర్చున్నారు. బ్యాండు మొదలైంది. తెల్లటి వరసలు ఒక్క అడుగు చప్పుడుతో లోపలికి వచ్చాయి. ఆమె ముఖాలు చూడలేదు, చేతులు చూసింది. మొదటి వరసలో ఒకే గీత కనబడింది. "అదిగోనండీ" అంది. పక్క పిల్లకూ ఒకే గీత. ఆ పక్క పిల్లకూ అంతే. చేతులు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే వరస వరసంతా ఎండలో గీతలు గీసినట్టు మెరుస్తోంది.

"ఏదీ?" అని అడిగాడు ఆయన.

"అందరూ మనమ్మాయే" అంది ఆమె దిక్కుతోచక. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి వెతికింది. పరేడ్ అయిపోయి టోపీలు గాల్లోకి లేచేదాకా కూతుర్ని కనుక్కోలేకపోయింది.

కూతురే వెతుక్కుంటూ వచ్చింది. చిక్కింది, నల్లబడింది, నిటారుగా ఉంది. తండ్రికి సెల్యూట్ చేసింది. ఆయన తిరిగి సెల్యూట్ చేయబోయి, ఏ చెయ్యో తెలియక రెండు చేతులతో కూతురి తల పట్టుకున్నాడు. వెనకాలే ఒక బొద్దుపిల్ల నిలబడి ఉంది.

"ఆంటీ, గుండీల పిల్లను నేనే" అంది ఆ పిల్ల.

"నన్ను గుర్తుపట్టావా అమ్మా?" అంది కూతురు.

"లేదే."

"పట్టలేవు. నా చొక్కా ఈ పొద్దున ఇదే ఇస్త్రీ చేసింది. నేను పక్కన నిలబడ్డాను అంతే."

తల్లి కూతురి చెయ్యి పట్టుకుని వెలుగుకు తిప్పింది. భుజం నుంచి గీత చక్కగా దిగి, మోచేతి దగ్గర కొంచెం తడబడి, రెండై, మళ్ళీ ఒకటైంది. ఆ జంట గీత ఆమె కంటికి తప్ప ఎవరి కంటికీ ఆనదు. బొద్దుపిల్ల ఊపిరి బిగబట్టి చూస్తోంది. తల్లి బొటనవేలు దాన్ని సరిచేయడానికి ముందుకు కదిలింది.

ఆమె తన చేతిని వెనక్కి తీసుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"బాగా చేశావమ్మా" అంది బొద్దుపిల్లతో.