వీపు వైపు ఇస్త్రీ

బ్లేజర్ వేసుకునేవాళ్లు చొక్కా మొత్తం ఇస్త్రీ చెయ్యనక్కర్లేదని మా అక్క సిద్ధాంతం. కాలరు, ముందు వైపు, చేతుల చివర పట్టీలు చాలట. "మిగతాది ఎవరు చూస్తారే? టైమ్ దండగ!" అంటూ పొద్దున నా చొక్కాని అలాగే ఇస్త్రీ చేసి, పైన తన బ్లేజర్ తొడిగి, హోటల్ రిసెప్షనిస్టు ఉద్యోగం ఇంటర్వ్యూకి నన్ను తరిమింది.

ఎవరు చూస్తారో ఇంటర్వ్యూ గదిలో తెలిసింది. ఏసీ పాడైపోయి, గది పొయ్యిలా ఉంది. బల్లకి అవతల మేనేజర్ మేడమ్ కూడా బ్లేజర్‌లోనే ఉడికిపోతున్నారు.

"అది తీసేసి హాయిగా కూర్చోమ్మా," అన్నారు.

"పర్లేదు మేడమ్, నాకు చలి," అన్నాను. అంతలోనే నా ముక్కు మీది చెమట చుక్క టప్పున బల్ల మీద పడింది. బ్లేజర్ కింద నా వీపు, ఉండ చుట్టి పారేసిన కాగితంలా ఉందని నాకు తెలుసు. ఇంటికెళ్లాక అక్క పని చెప్పాలని పళ్లు నూరుకున్నాను.

మేడమ్ నా వంక అనుమానంగా చూశారు. తర్వాత లేచి, తలుపు దగ్గరగా వేసి, అటు తిరిగి తన బ్లేజర్ విప్పారు. ముందు వైపు మడత చెదరని ఆ చొక్కాకి వీపు నిండా ముడతలే!

హమ్మయ్య! గుండెల మీది బండ దిగినట్టయింది. ఆ ఊపులో నోరు జారాను.

"మీక్కూడా అక్క ఉందా మేడమ్?"

"నేనే అక్కనమ్మా," అన్నారు మేడమ్. "ఇంక తియ్యి."