పోయొస్త

మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర ఒక ముసలాయన మూర మల్లెలు కొని, పూలమ్మే యాదలక్ష్మి గొంతు ఎత్తుకుపోయాడు. చిల్లర అడగబోతే ఆమె నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. దవాఖానలో ఏ లోపమూ లేదన్నారు. కూతురు అఖిల దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ మానేసి పూలబుట్ట ముందు కూర్చుంది. తల్లి పక్కనే దండలు కడుతోంది.

ఇవాళ సాయంత్రం ఆకుపచ్చ చీరలో ఒకామె వచ్చి నిలబడింది. అఖిల చేతిలోని దండ జారిపోయింది. అందరి నీడలూ తూర్పుకు పడుతుంటే, ఆమె నీడ మాత్రం సూర్యుడి వైపు సాగి ఉంది.

"భయపడకమ్మా. ఇంద్రాణి అని పిలువు. ఆ టైలర్ షాపు బోర్డు చూసి పేరు పెట్టుకున్నాను, బాగుందా?"

"నువ్వెవరక్కా?"

"ఆ దొంగను తరుముతూ వచ్చాను. మా లోకం వాడే. ఆకాశంలో చుక్క చుక్కకూ తిరిగి గొంతులు దొంగిలిస్తాడు." రోడ్డవతల ఆగిన విజయవాడ బస్సు వైపు చూపించింది. కిటికీ పక్కన అదే ముసలాయన. "పట్టుకోబోతే పొగలా జారిపోతాడు. తనంతట తనే రావాలి. ఇవాళ పోయాడంటే మీ అమ్మ గొంతు మళ్లీ దొరకదు."

"ఎట్ల వస్తడు మరి?"

"మా లోకం వాళ్లం అన్న మాట తప్పలేం. తప్పుదామన్నా ఒళ్లు ఒప్పుకోదు. అందుకే వాడు ఎవరికీ మాట ఇవ్వడు."

అఖిల ఒక్క క్షణం ఆలోచించి, మూర మల్లెలు తుంచుకుని పరుగెత్తింది.

"తాతా, పూలు! పైలంగ పోయిరా!"

ముసలాయన మొహం తిప్పుకున్నాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

"పోరి గంత మంచిగ సాగనంపుతుంటే పలకవేంది పెద్దాయనా?" అన్నాడు పక్క సీటతను. అందరూ ఇటే చూస్తున్నారు. బస్సెక్కేవాళ్లంతా అనే మాటే కదా అనుకున్నాడేమో, ముసలాయన నోరు తెరిచాడు.

"పోయొస్త బిడ్డా."

అమ్మ గొంతు! అఖిల బుట్ట దగ్గరికి పరుగెత్తింది. బస్సు వెళ్లిపోయింది.

"ఏమన్నాడు?" అంది ఇంద్రాణి ఆత్రంగా.

"పోయొస్త అన్నడక్కా. ఈడ ఎవరూ పోతున్న అనరు."

దూరంగా బస్సు ఆగింది. ముసలాయన దిగాడు. తన కాళ్లను తానే తిట్టుకుంటూ బండ్లకు ఎదురు నడిచి వస్తున్నాడు. అడుగడుగునా మనిషి రూపం రాలిపోతోంది. బుట్ట దగ్గరికి చేరేసరికి అతను మెట్రో స్తంభమంత ఎత్తున నిలబడ్డ నీరు. ఆ నీటి లోపల లెక్కలేనన్ని వెలుగులు.

హారన్లు ఆగిపోయాయి. ఆటోవాళ్లు దిగి తలలెత్తారు. ఒక్కో వెలుగూ పైకి లేస్తూ పలికింది. ఏదో లోకపు పిల్లల నవ్వు, ఏదో సముద్రం పాడే జోల, రాళ్లు మాట్లాడుకుంటున్నట్టున్న లోతైన శబ్దం. ఆకాశం నిండా గొంతులే, ఇళ్లకు పోతున్న గొంతులు. అఖిల నోరు తెరుచుకుని చూస్తోంది. ఒక చిన్న వెలుగు మాత్రం కిందికి దిగి, మల్లెమొగ్గలా యాదలక్ష్మి మెడ మీద వాలింది.

"అట్ల నోరు తెరుస్తవేందే? పూల మీద నీళ్లు చల్లినవా?"

అఖిల నవ్వుతూనే ఏడ్చేసింది.

ఇంద్రాణి వెలుగు తాడుతో దొంగను కడుతోంది. ఖాళీ అయిపోయి అతను వణుకుతున్నాడు.

"జర మెల్లగ కట్టు బిడ్డా," అంది యాదలక్ష్మి. ఇంద్రాణి ముడి వదులు చేసింది.

"వెళ్తున్నానమ్మా."

"గట్లనొద్దు తల్లీ. పోయొస్త అనాలె."

అఖిల గబుక్కున తల్లి చెయ్యి పట్టుకుంది. ఇంద్రాణి ఆకాశం వైపు చూసింది. ఆ దూరం ఎంతో ఆమెకు తెలుసు. తర్వాత యాదలక్ష్మి వైపు తిరిగింది.

"వెళ్లొస్తానమ్మా," అంది.