పదికి నాలుగు

ఉమాపతిగారికి మార్కులు వేయడానికి చెయ్యి వచ్చేది కాదు. యూనివర్సిటీలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పారు, ఎంత బాగా రాసిన పిల్లాడికైనా పదికి అయిదు దాటించిన పాపాన పోలేదు. పదికి పదీ వేసేస్తే వాడింక నేర్చుకునేదేముందని వాదించేవారు. ఆయన చేత నాలుగు వేయించుకున్న పిల్లలు క్యాంపస్ పక్కనే ఉన్న అడిక్‌మెట్ రూముల్లో పండగ చేసుకునేవారట. భార్య శ్యామలాంబకి ఇదంతా తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు, అదీ ఇప్పుడు ఆవిడ ఏడుపు.

రిటైరైన రెండేళ్లకి ఆయనకి ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది. బయటపడేసరికే వెన్నెముకలోకి దిగింది. నెలనెలా ఇంజెక్షన్‌కి తార్నాక ఇంటినుంచి ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా రాహేలు అనే నర్సు కాగితాల అట్ట పట్టుకుని ఒకటే ప్రశ్న అడిగేది.

"సార్, నొప్పి పదికి ఎంత ఉన్నది?"

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, జవాబుపత్రం దిద్దుతున్నంతసేపు ఆలోచించి, "నాలుగు," అనేవారు.

ఆసుపత్రిలో నాలుగుకి మామూలు మాత్ర. ఏడు దాటితే మార్ఫిన్, వెంటనే స్కాన్. ఈ లెక్క ఆయనకెవరూ చెప్పలేదు, ఆయన లెక్క వాళ్లకెవరూ చెప్పలేదు. చెప్పగలిగిన ఒక్క మనిషీ పక్క కుర్చీలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొగుడు చెప్పిన అంకెని పరాయివాళ్ల ముందు దిద్దడమేమిటని ఊరుకుంది.

ఇంట్లో చూస్తే వేరు. బనీను తొడుక్కోవడానికి చేతులెత్తితే చాలు, ఆయన దవడలు బిగుసుకుపోయేవి. మంచం మీంచి ఒక కాలు దించి, రెండో కాలు దించేలోపు ఒళ్లంతా చెమటలు. అరుపు బయటికి రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకునేవారు. ఒకరోజు బెండకాయలు తరుగుతున్న ఆవిడ కత్తిపీట పక్కకి నెట్టేసింది.

"ఇది నాలుగేవిటండీ? చూస్తున్న నాకే ప్రాణం పోతోంది."

"భరిస్తున్నానుగా శ్యామలా. భరించేదానికే తొమ్మిది వేసేస్తే, రేపు భరించలేనిది వస్తే ఏం వెయ్యను?"

అందులో న్యాయముందనిపించింది ఆవిడకి. న్యాయమట, న్యాయం. రేపు వస్తుందన్నదేదో అప్పటికే ఇంట్లో తిరుగుతోందని ఆవిడకి భయంగానే ఉంది, అయినా కత్తిపీట మళ్లీ ముందుకి లాక్కుంది.

మూడో నెల ఇంజెక్షన్ అయ్యాక రాహేలు ఆవిడని పక్కకి పిలిచింది.

"అమ్మా, సార్ నడక జర చూస్కుంట ఉండు. కాలు మొద్దుబారినా, నొప్పి ఒక్కసారే మాయమైనా ఆగొద్దు, నాకు ఫోన్ చెయ్. గప్పుడు ఎముక నరాన్ని నొక్కుతున్నట్టు."

ఆవిడ తల ఊపింది. నొప్పి మాయమైతే మంచిదే కదా అనుకుంటూ ఇంటికొచ్చింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఉమాపతిగారు అడిగి మరీ కాఫీ తాగారు. "ఇవాళ నొప్పి లేదు శ్యామలా. సున్నా," అన్నారు. ఆయన నోట సున్నా రావడం కొత్తేం కాదు. అది విని ఒకరు సంబరపడడం మాత్రం అదే మొదటిసారి. ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రాహేలు చెప్పిన మాట ఆ సంతోషంలో కొట్టుకుపోయింది.

ఆయన క్యాంపస్ చూడాలన్నారు. ఆటోలో ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లి, దిగి నడిచారు. ఎప్పుడో తనతో మార్కుల కోసం దెబ్బలాడిన కుర్రాడి కథ మొదలుపెట్టారాయన. అడుగు తడబడుతోంది. ఇన్నాళ్లూ మంచం పట్టిన మనిషి కదా, అంతేలే అనుకుంది ఆవిడ.

రోడ్డు దాటాక ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. నడిరోడ్డు మీద ఒంటి చెప్పు పడి ఉంది. ఆయనదే. పదకొండు గంటల ఎండకి కాగిపోతున్న తారు మీద ఉత్తి కాలు వేసుకుంటూ, కథ ఆపకుండా ఆయన ముందుకి పోతున్నారు.

"ఏవండీ, కాలు కాలడం లేదా?"

ఆయన కిందికి చూసుకున్నారు. ఆ కాలు ఎవరిదో అన్నట్టు చాలాసేపు చూశారు.

"తెలియడం లేదే," అన్నారు.

ఆవిడకి రాహేలు మాట అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి పట్టుకునేలోపే ఆయన మోకాళ్లు వాలిపోయాయి. అటుగా వెళ్తున్న ఇద్దరు ఆడపిల్లలు పరుగున వచ్చి ఆయన్ని గట్టు మీద కూర్చోబెట్టారు. ఒకమ్మాయి ఆటో కోసం పరిగెత్తింది. శ్యామలాంబ రాహేలుకి ఫోన్ చేసి, చెప్పు సంగతీ పొద్దుటి సున్నా సంగతీ చెప్పింది.

"ఇప్పుడే తీస్కరా అమ్మా. అయ్యో, పోయిన నెలల్నే స్కాన్ తీసేటోళ్లం గద. సార్ నాలుగే అన్నరు."

"ఆయన నాలుగంటే మీ నాలుగు కాదు తల్లీ. మీ తొమ్మిది. నాకు తెలుసు. పక్కనే కూర్చుని నేనే చెప్పలేదు."

"జల్దీ రా అమ్మా," అని మాత్రం అంది రాహేలు.

ఆటో వచ్చి ఆగింది. ఆడపిల్లలు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని సీటు మీద కూర్చోబెట్టారు.

"సార్, కాళ్లు లోపల పెట్టుకోండి," అంది ఒకమ్మాయి.

"పెట్టుకున్నాను కదమ్మా," అన్నారు ఉమాపతిగారు.

రెండు కాళ్లూ బయట రోడ్డు మీదే ఉన్నాయి.