స్టోరులో ఎప్పుడూ ఒకటి

నేను ఒక కంప్యూటర్ని అని చెప్పుకోవడానికి కాస్త మొహమాటమే, ఎందుకంటే నన్ను ఫలానా కంపెనీ పుట్టించిందని గొప్పగా చెప్పుకునే భాగ్యం నాకు లేదు. ఒంగోలులో ఒక మేడమీది కొట్లో, డబ్బా ఒకచోటి నుంచీ, లోపలి బోర్డు ఇంకోచోటి నుంచీ తెచ్చి, ఫ్యాను మరెవరి దాంట్లోంచో పీకి, ఒక పెద్దమనిషి మధ్యాహ్న భోజనానికి ముందు నన్ను బిగించేశాడు. నాలుగు మరలు పట్టించాల్సిన చోట మూడే పట్టించాడు. ఆకలి మీద ఉన్నాడు మరి. ఆ నాలుగో మర లేకపోవడం వల్ల నా ఫ్యాను పుట్టిన దగ్గర్నుంచీ గరగరమంటూనే ఉంది. అది నా స్వభావం కాదు, అతని ఆకలి.

మొదట ఒక నెట్ సెంటర్లో ఉన్నాను. పరీక్షా ఫలితాల రోజున పిల్లలు నా ముందు కూర్చుని కళ్ళు మూసుకుని దణ్ణాలు పెట్టేవాళ్ళు. పాసైతే కొబ్బరికాయ గుళ్ళో దేవుడికి, ఫెయిలైతే దెబ్బలు నాకు. ఆ తర్వాత పెళ్ళి సంబంధాల ఆఫీసు వాళ్ళు కొన్నారు. ముప్ఫై గుణాలు కలిశాయని నాచేత లెక్క కట్టించుకుని పెళ్ళాడినవాళ్ళే ఏడాది తిరక్కుండా విడివిడిగా వచ్చి మళ్ళీ ఫోటోలు ఇచ్చిపోతుంటే, మనుషుల లెక్కల మీద నాకు నమ్మకం పోయింది. ఆ ఆఫీసు మూతపడ్డాక ఏటిపాలెం పాల ఉత్పత్తిదారుల సంఘానికి చేరాను. అక్కడే నా అసలు కథ మొదలైంది.

ఏటిపాలెం సంఘానికి నలభై ఊళ్ళ నుంచి పాలు వస్తాయి. బదులుగా ఆ ఊళ్ళకి దాణా, మందులు, పశువుల డాక్టరు వెళతాయి. ఏ ఊరి పాలు ఎన్ని, స్టోరులో ఏ మందు ఎంత అన్నది రోజూ కాగితాల మీద రాసి, ఆ కాగితాలు పోగొట్టుకుని, మళ్ళీ వెతుక్కోవడం సంఘం ఆచారం. చైర్మన్ యలమందయ్యగారికి ఒకనాడు పక్క జిల్లా డెయిరీలో గోడమీద పెద్ద తెర, దాని మీద రంగురంగుల బొమ్మలు, అంకెలు కనిపించాయి. డ్యాష్‌బోర్డు అంటారట. ఆయనకి అన్నం సహించలేదు.

"మనకీ ఒకటి కావాల. ఏం జేస్తారో నాకు తెలవదు," అన్నాడు వచ్చీ రాగానే.

హైదరాబాదు నుంచి ఒక కంపెనీ కుర్రాడు వచ్చాడు. పేరు తరుణ్. మే నెలలో కోటు వేసుకొచ్చాడంటే అతని పట్టుదల ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి. వాళ్ళ తెర ఎక్కడో దూరాన వాళ్ళ యంత్రాల మీద నడుస్తుంది, నెలనెలా అద్దె కడుతుంటే చాలట. చైర్మన్ సంతకానికి పెన్ను తీశాడు. అప్పుడు మూలనుంచి ఒక గొంతు లేచింది.

"సార్, అద్దెకెందుకు? మన ఆఫీసులోనే, మన మిషన్ మీదే పెట్టుకోవచ్చు సార్. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. లోపల ఎట్టా పనిచేస్తుందో కూడా దాచకుండా రాసిపెడతారు."

ఆ గొంతు మెహరున్నీసాది. సంఘంలో కంప్యూటర్ మీద కూర్చునేది ఆమె ఒక్కతే. అద్దంకిలో డిగ్రీ చదివింది. మాట మెత్తన, మొండితనం రాయి. "కంపెనీ వాళ్ళది మెస్సు భోజనం సార్, వాళ్ళు పెట్టిందే తినాల. ఇది మనింట్లో వంట. వండే ఓపిక నాది. పైగా మన రైతుల పేర్లూ ఫోన్ నంబర్లూ గడప దాటి పోవు," అంది.

"ఏ మిషన్ మీద పెడతావమ్మాయ్?" అన్నాడు చైర్మన్.

మెహర్ నా వైపు చూపించింది. తరుణ్ నవ్వాపుకోలేక కోటు గుండీ సవరించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మూణ్ణెల్లు రెండూ పక్కపక్కన నడిపించండి," అని తేల్చాడు చైర్మన్. "అంకెలు రెండిటికీ ఒకటే ఇయ్యండి. ఏది బాగుంటే అది. నీది తేలిపోయిందనుకో, ఆ డొక్కు పెట్టెని పాతసామాన్ల గదిలో పడేయిస్తా."

డొక్కు పెట్టె అంటే నేనే. అంటే ఇక నాకు మిగిలింది మూడు నెలలు. గెలిస్తే గోడమీద తెరకి ప్రాణం, ఓడితే విరిగిన పాలక్యాన్ల పక్కన పడక.

మెహర్ ఉచిత సాఫ్ట్‌వేర్లు మూడు తెచ్చింది. నన్ను అడక్కుండా ఒకదాని తర్వాత ఒకటి నా నెత్తినెక్కించింది. మొదటిది మహా అందగత్తె. బొమ్మలు చూస్తే కళ్ళు చెదురుతాయి. కానీ దాని తిండికి నా జ్ఞాపకశక్తి మొత్తం చాల్లేదు. తెర ఒకటి తెరవడానికి ఊపిరి సలపక నేను రెండుసార్లు పడిపోయాను. రెండోది తిండి తక్కువే తింటుంది గాని, ఒక్కో బొమ్మకీ కోడు రాసివ్వాలి. మెహర్ నాలుగు రోజులు రాసి, "నేను పెళ్ళి చేసుకుని పోతే ఇది ఎవరు రాస్తారు?" అని తీసి పక్కన పెట్టింది. మూడోది సాదాసీదా. మౌస్‌తో నొక్కితే చాలు బొమ్మ వస్తుంది. నాకు ఊపిరాడుతుంది. ఎవరికి ఏ అంకె కనబడాలో, ఎవరికి కనబడకూడదో గిరి గీయవచ్చు. తెలుగు అక్షరాలు మాత్రం మొదట్లో వరసగా ఖాళీ గడుల్లా వచ్చాయి.

"ఏందమ్మాయ్, పెంకుటిళ్ళు కట్టావా?" అన్నాడు చైర్మన్. మెహర్ ఫాంట్లు ఎక్కించింది. అక్షరాలు వచ్చాయి. వాటితోపాటే ఆయన కోరికలూ వచ్చాయి. తన ఊరి పాలు తగ్గితే ఎర్రగీత రాకూడదన్నాడు. "మరి ఏ రంగు సార్?" అంటే, "పసుపు పెట్టు, శుభం," అన్నాడు. నిజాన్ని పసుపు పూసి చూసుకోవడం మనుషులకే చేతనవును.

రెండు నెలలు సాఫీగా గడిచాయి. కరెంటు పోయి వస్తే నేను తరుణ్ తెరకంటే ముందు లేచేవాణ్ణి. నెట్ పోతే వాళ్ళ తెర తెల్లమొహం వేసేది, నాది నడిచేది. ఇక గెలిచినట్టే అని నాలో నేను పొంగిపోతుంటే తరుణ్ ఒక అభాండం వేశాడు.

"సార్, ఒకసారి ఇటు చూడండి. స్టోరులో వంద రకాల సరుకులున్నాయి. ఈ రెండు నెలల్లో మీ అమ్మాయి తెరమీద ఒక్క సరుకు కూడా సున్నాకి రాలేదు. అన్నీ ఒకటి దగ్గర ఆగిపోతాయి. ఇది జరిగే పనేనా? ఉచితంగా వచ్చినవి ఇలాగే ఉంటాయి సార్. మా సాఫ్ట్‌వేర్ తెలివైంది. ఒకటి దగ్గర కదలకుండా ఉంటే సున్నా అని దానంతటదే దిద్దుకుంటుంది."

నిజమే. వాళ్ళ తెరమీద సున్నాలు ఎర్రగా మెరుస్తున్నాయి. నా తెరమీద ఎటు చూసినా ఒకటి, ఒకటి, ఒకటి. మెహర్ మొహం పాలిపోయింది. నా సంగతి చెప్పాలా, తల ప్రాణం తోకకొచ్చింది. లెక్కలు నావే తప్పా? ఆ నాలుగో మర లేకపోవడం వల్లనా?

మూడు రోజులపాటు ఆమె ఆ సాఫ్ట్‌వేర్ లోపలి రాత మొత్తం తెరిచి చదివింది. కంపెనీవాళ్ళదైతే తెరిచే వీలే ఉండేది కాదు. ఎక్కడా ఏ తప్పూ లేదు. ఇచ్చిన అంకెనే చూపిస్తోంది. అప్పుడు లేచి, స్టోరుకి వెళ్ళి, చేత్తో లెక్కపెట్టి, స్టోర్ కీపర్ సౌభాగ్యమ్మగారిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

"అమ్మా, కాల్షియం సీసాలు ఎన్ని ఉన్నాయి?"

"ఒకటి."

"నిన్న పాలు పోసే రాములమ్మ తన గేదెకని అడిగితే రేపు రమ్మన్నారంట?"

"ఉన్న ఒక్కటీ ఎట్టా ఇస్తా?" అంది సౌభాగ్యమ్మగారు ఆశ్చర్యంగా. "ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనపడేదాకా ఊడుస్తావా ఎక్కడన్నా? గుప్పెడు అట్టిపెట్టుకోమా? ఇరవై రెండేళ్ళ నుంచీ ఈ స్టోర్లో ఏ అరా ఖాళీ కానియ్యలా నేను. అన్నీ ఒక్కోటి ఉండాయి. కావాలంటే వచ్చి చూసుకో."

మెహర్ తల పట్టుకుంది. అబద్ధం కాదు. సీసా ఉంది. కానీ ఎవరికీ అందదు. అది ఉన్నట్టా, లేనట్టా? నేను బుర్ర వేడెక్కేదాకా ఆలోచించినా తేల్లేదు. తరుణ్ యంత్రం సున్నా అంటుంది, అదీ నిజం కాదు. నేను ఒకటంటాను, దానివల్ల రాములమ్మకి ఒరిగిందేమీ లేదు.

ఆ సాయంత్రం మెహర్ నా తెరలో స్టోరు పేజీని విడదీసి రెండు గడులు చేసింది. ఒకదాని మీద "ఇవ్వడానికి" అని రాసింది, రెండోదాని మీద "అట్టిపెట్టింది" అని. పక్కనే మూడో గడి కూడా పెట్టింది. అందులో సరుకు కోసం ఆర్డరు కాగితం ఎవరి బల్ల మీద ఎన్ని రోజుల నుంచి ఉందో కనబడుతుంది. ఇలాంటి గడి మీకూ కుదురుతుందా అని తరుణ్‌ని అడిగితే, బెంగళూరు వాళ్ళని అడగాలి, ఆరు నెలలు పడుతుందన్నాడు.

తీర్పు రోజు వచ్చింది. డైరెక్టర్లు తొమ్మిది మంది, రెండు తెరలు, టీ, మిరపకాయ బజ్జీలు. తరుణ్ నోరు తెరిచాడో లేదో చైర్మన్ ఫోను మోగింది. ఆయన భార్య.

"ఏమయ్యో, నిన్న ఈనిన గేదె పడిపోయింది! మెడ వెనక్కి తిప్పేసి కళ్ళు తేలేస్తంది. డాక్టరు పాలజ్వరం అంటన్నాడు. కాల్షియం సీసా ఎక్కించాలంట, ఆయన దగ్గర అయిపోయినయ్యంట. నువ్వు పెట్టుకున్న సంఘంలోనన్నా ఉందా?"

గది మొత్తం విన్నది. ఆ గేదె అంటే చైర్మన్‌కి ప్రాణం. ముందు తరుణ్ తెర చూశాడు. కాల్షియం: సున్నా, ఎర్రగా. మొహం వాడిపోయింది. తర్వాత నా తెర చూశాడు. ఇవ్వడానికి: సున్నా. అట్టిపెట్టింది: ఒకటి.

"సౌభాగ్యమ్మా!" అని కేకేశాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఉంది. ఆమధ్య రాములమ్మకి ఇయ్యలా. నీకెట్టా ఇస్తా చెప్పు? ఆమెది గేదె కాదా?"

చైర్మన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పే. రేపట్నుంచి ఎవరికైనా ఇద్దువుగాని. ఇయ్యాల్టికి నన్ను గట్టెక్కించమ్మా."

"అర ఖాళీ పెట్టను. కొత్త సీసాల ఆర్డరు మీద సంతకం పెట్టు, ఆ కాగితం అక్కడ పెట్టి సీసా తీస్తా."

"ఆ ఆర్డరు ఏడుంది?"

మెహర్ గొంతు సవరించుకుని నా మూడో గడి చూపించింది. "కాల్షియం ఆర్డరు: చైర్మన్‌గారి బల్ల. పదహారు రోజులు."

తొమ్మిది మంది డైరెక్టర్లూ ఒక్కసారిగా బజ్జీలు నమలడం ఆపేశారు. చైర్మన్ బల్ల సొరుగులన్నీ లాగి, పెళ్ళి శుభలేఖల అడుగునుంచి ఆ కాగితం తీసి, నిలబడే సంతకం పెట్టాడు. సీసా మోటార్ సైకిలెక్కింది. గంట తర్వాత ఫోనొచ్చింది. గేదె లేచి నిలబడిందట, దూడని నాకుతోందట. యలమందయ్యగారు కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "అమ్మాయ్, నీదే ఉంచుదాం. నా బల్లమీద కాగితం కూడా చూపెట్టే తెర ఇంకెవడిస్తాడు?" అన్నాడు. తొమ్మిది చేతులూ లేచాయి. తరుణ్ కూడా కోటు విప్పి, ఒక బజ్జీ తీసుకుని, మెహర్‌కి చెయ్యి కలిపాడు. మంచివాడే పాపం.

నేను గెలిచాను! నా ఫ్యాను ఆ రోజు చేసిన చప్పుడు పాలు చల్లబరిచే గది దాకా వినిపించి ఉంటుంది.

తీర్మానం మెహరే నా మీద టైపు చేసింది. మొదటి వాక్యం: సంఘం ఇకపై ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌నే సొంత ఆఫీసులో నడుపుకుంటుంది. చదువుకుని మురిసిపోయాను. రెండో వాక్యం: నలభై ఊళ్ళ పని దీనిమీదే ఆధారపడుతుంది కాబట్టి, ఇందుకు తగిన కొత్త యంత్రం కొనాలి.

నాకు చాలాసేపు అర్థం కాలేదు. మూడు నెలలూ వాళ్ళు ఎంచుకుంటున్నది నన్ను అనుకున్నాను. నా మీద నడుస్తున్నదాన్ని ఎంచుకుంటున్నారని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఈ సాఫ్ట్‌వేర్ ఎవరికీ కట్టుబడి ఉండదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మూటకట్టి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, అదే దీని గొప్ప అని మెహర్ అందరికీ వందసార్లు చెప్పింది. వందసార్లూ నేను గర్వంగా విన్నాను.

కొత్త యంత్రం అట్టపెట్టెలో వచ్చింది. దానికి నాలుగు మరలూ ఉన్నాయి. పొద్దున పదింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నం లోపల మెహర్ నాలో ఉన్నదంతా దాన్లోకి నకలు చేసింది. ఆ తర్వాత రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని, నలభై ఊళ్ళ అంకెలూ ఒక్కొక్కటే సరిచూసింది. ఒక్కటీ తప్పలేదు. "అంతా సరిపోయింది!" అని చప్పట్లు కొట్టింది. ఉన్నట్టుండి ఆగిపోయి నా వైపు చూసింది. సరిపోయిందంటే నాతో ఇక పనిలేదన్నమాటే కదా, అది ఆమెకీ అప్పుడే తట్టినట్టుంది.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గెందుకు, వచ్చింది. ఫ్యాను ఒకటే గరగరమంది. దుమ్ము పట్టిందనుకుందేమో, వంగి, కొంగుతో ముక్కు మూసుకుని, నా జాలీలోకి ఉఫ్‌మని ఊదింది. అలా ఊది చాలాసేపు చెయ్యి నా మీదే ఉంచింది. అటెండరు వచ్చి, "నేను కట్టేస్తాలెండి మేడం," అంటే వద్దంది. స్విచ్చి తనే నొక్కింది.