ఒక్క పట్టా, రెండు కల్లాలు

పాస్టర్ గారికి జ్వరం రావడంతో ఆ ఆదివారం ప్రసంగం నా మెడకు చుట్టుకుంది. ద్వాలికి నోరెక్కువ అని తండాలో నాకు ఎలాగూ పేరుంది. దమ్మపేట నుంచి మా తండాకు వచ్చే దారిలో, మిరప కల్లాల మధ్య మా ప్రార్థన పందిరి. నాలుగు గుంజలు, పైన ఒక పెద్ద టార్పాలిన్ పట్టా. అంతే మా మందిరం.

పందిరికి ఎడమవైపు కల్లం మాది. కుడివైపుది నా తమ్ముడు రూప్‌సింగ్‌ది. బాప్తిస్మం తీసుకున్నాక మా లంబాడీల తీజ్ పండగకు పాడనన్నానని వాడు మూడేళ్లుగా నాతో మాట్లాడడం లేదు. పాడనని చెప్పడం వేరు, నలుగురిలో వాణ్ణి వెక్కిరించి చెప్పడం వేరు. నేను చేసింది రెండోది. తర్వాత రెండుసార్లు వెళ్లి క్షమించమని అడిగితే తలుపు వేసుకున్నాడు. వాడు మొండి అయితే నేను జగమొండిని, వాడి కోసం ప్రార్థన మానలేదు.

"మనల్ని ప్రేమించినోళ్లనే ప్రేమిస్తే అండ్ల గొప్పేముంది? మనం మంచోళ్లమైనంక ప్రభువు సిలువ ఎక్కలే. మనం ఆయన మొఖం చూడనప్పుడే ఎక్కిండు!" అని మంచి ఊపు మీద చెబుతున్నాను.

అంతలో అడవి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. రెండు కల్లాల్లోనూ ఏడాది కష్టం ఎర్రగా ఆరబోసి ఉంది. తడిస్తే బూజు పడుతుంది. పొద్దున ఎండ చూసి కప్పడానికి ఎవరమూ ఏమీ తెచ్చుకోలేదు. రూప్‌సింగ్ ఇంటిల్లిపాదీ దమ్మపేటలో పెళ్లికి పోయారు.

నా భర్త కిషన్‌లాల్ గబగబా పందిరి తాళ్లు కోశాడు. ఆ పట్టా ఒక్క కల్లానికే సరిపోతుంది. దాన్ని దించి అందరూ తలా ఒక అంచు పట్టుకొని ఎడమవైపు నడిచారు. నేనూ నాలుగడుగులు వేశాను. అప్పుడు నా మీద నాకే కోపం వచ్చింది. నా నోరే నన్ను పట్టించింది.

"ఆగుండ్రి. కుడిదిక్కు పోండ్రి," అన్నాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా? మన కాయలు తడుస్తయ్," అన్నాడు కిషన్‌లాల్.

"తడవనియ్. ఇంతసేపు నేను చెప్పింది విన్నవా, కునికినవా?"

ఆయన నా వంక చూశాడు, కల్లం వంక చూశాడు. "నీతోని ఏగుడు నా వశం కాదు," అంటూనే కుడివైపు తిరిగాడు.

వాడి కాయల మీద పట్టా పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టేసరికి వాన దంచికొట్టింది. కప్పు లేని పందిట్లో నిలబడి మా కాయలు నానడం చూశాను. అబద్ధమెందుకు, ఎన్ని కాయలు పోతాయో లెక్కేసుకున్నాను. అయినా తప్పు చేశానని మాత్రం అనిపించలేదు. ప్రేమకు బలముందని అంతవరకు నేను చెప్పడమే గాని, నన్ను కూడా మెడలు వంచి నడిపిస్తుందని అప్పుడే తెలిసింది.

వాన వెలిశాక రూప్‌సింగ్ బండి మీద వచ్చాడు. పట్టా ఎత్తి పొడి కాయల్లో చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత మా కల్లం చూశాడు. అక్కణ్ణుంచి నా దగ్గరకు వచ్చాడు.

"నేనైతే నీ కాయల మీద కప్పేటోణ్ణి కాదక్కా," అన్నాడు.

"ఎరికే. ఎరికుండే కప్పిన."

వాడు చెప్పులు విడిచి మా కల్లంలోకి దిగి, తడిసిన కాయలను పలచగా పరవడం మొదలుపెట్టాడు.